పాత నాణేనికి రెండు ధరలు: గినీలూ వరహాలూ నేర్పే పుత్తడి పాఠం

బాచుపల్లి: పుత్తడి వర్తకుని త్రాసు ముందుకు అప్పుడప్పుడు ఒక చిక్కు సరుకు వస్తుంది. ఫ్లాటు బయానా కోసమో, పిల్లల చదువు కోసమో పాత పెట్టె తెరిచిన కుటుంబం గొలుసులతో పాటు ఒకటో రెండో పాత బంగారు నాణేలు కూడా తెచ్చి పెడుతుంది. మరోవైపు మియాపూరు, నిజాంపేట, బాచుపల్లి వరుసలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో కొందరు 17వ శతాబ్దపు ఇంగ్లీషు బంగారు నాణేలు సేకరిస్తే లాభమా అని నగల వర్తకులను అడుగుతున్నారు. ఈ ఇద్దరికీ చెప్పవలసిన జవాబు ఒక్కచోటే మొదలవుతుంది. పాత నాణేనికి తూకం ధర ఒకటి, అరుదు ధర మరొకటి. మొదటి దానిని లెక్కగట్టడం పుత్తడి బజారుకు వెన్నతో పెట్టిన విద్య. రెండవ దానిని తెలియక పాడుచేసేదీ, తెలిసీ తెలియక నమ్మి సొమ్ము ఇరికించుకునేదీ కూడా ఈ బజారే.

తూకం ధర

ముందుగా తెలిసిన లెక్క. ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెస్ 1663లో గినీ అనే బంగారు నాణేన్ని ప్రవేశపెట్టాడు. ఒక ట్రాయ్ పౌను బరువున్న 22 క్యారెట్ల బంగారం నుంచి నలభై నాలుగున్నర గినీలు అచ్చువేయాలన్నది టంకసాల నిబంధన. ట్రాయ్ పౌను 373.24 గ్రాములు. అంటే గినీ బరువు సుమారు 8.39 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు మేలిమి గనుక నికరంగా 7.69 గ్రాముల బంగారం ఉంటుంది. ఈనాటి దుకాణం బోర్డుమీద 916 అని రాసే వన్నె ఇదే. లెక్క సౌలభ్యానికి మేలిమి గ్రాము 10,000 రూపాయలనుకుంటే గినీలోని లోహం విలువ సుమారు 76,900 రూపాయలు.

మన ప్రాంతంలో కాసు అంటే 8 గ్రాములు. ఆ కొలత బ్రిటిష్ సవరన్ నుంచి వచ్చింది. సవరన్ 1817లో మొదలైంది, బరువు 7.988 గ్రాములు, వన్నె 22 క్యారెట్లే. గినీ దానికంటే అర గ్రాములోపు బరువెక్కువ. కనుక తూకం లెక్కలో గినీకీ కాసుకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా రెండవ ధరలో ఉంది.

సరుకు ఏది?

17వ శతాబ్దపు ఇంగ్లీషు బంగారు నాణేలు రెండు తరగతులు. 1663కు ముందువి చాలావరకు సుత్తి దెబ్బతో చేసినవి. అడుగు అచ్చుమీద బంగారు బిళ్ళ పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవారు. అందువల్ల గుండ్రం సరిగా ఉండదు, బొమ్మ పక్కకు జరుగుతుంది, అంచు పలుచబడుతుంది. 1663 నుంచి మరమీద అచ్చువేసినవి వచ్చాయి. వీటి గుండ్రం ఖచ్చితం, అంచుకు గీతలు ఉంటాయి.

మొదటి తరగతిలో ముఖ్యమైనది యునైట్. ఇంగ్లండు, స్కాట్లండు కిరీటాలు ఒక్క రాజు తలకెక్కిన తరువాత మొదటి జేమ్స్ 1604లో దీనిని అచ్చువేయించాడు; పేరు కూడా ఆ కలయికను బట్టే వచ్చింది. విలువ 20 షిల్లింగులు. 1619లో వచ్చిన లారెల్‌లో రాజు తలపై కిరీటానికి బదులు ఆకుల దండ ఉంటుంది. ఏంజెల్, రోజ్ రయాల్ అనేవి ఇంకా హెచ్చు వన్నె బంగారంతో, దాదాపు మేలిమితో చేసినవి. మొదటి ఛార్లెస్ పార్లమెంటుతో యుద్ధానికి దిగి లండన్ టంకసాలను పోగొట్టుకున్నప్పుడు, 1642 నుంచి 1644 వరకు, ముఖ్యంగా ఆక్స్‌ఫర్డ్‌లో ట్రిపుల్ యునైట్ అచ్చయింది. విలువ 60 షిల్లింగులు, బరువు సుమారు 27 గ్రాములు. సుత్తి నాణేల్లో ఇంగ్లండు అంత విలువగల దానిని మరొకటి చేయలేదు. రాజు తల తీసిన తరువాత 1649 నుంచి 1660 దాకా సాగిన కామన్‌వెల్త్ పాలనలో నాణెంపై లాటిన్ పోయి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

రెండవ తరగతి గినీ కుటుంబం. అర గినీ, గినీ, రెండు గినీలు, అయిదు గినీలు అని నాలుగు అంతస్తులు. అయిదు గినీల నాణెం సుమారు 42 గ్రాములు తూగుతుంది. ఆఫ్రికా పడమటి తీరంలోని గినీ ప్రాంతం నుంచి బంగారం రావడం వల్ల ఆ పేరు స్థిరపడింది. అక్కడ వ్యాపారం చేసిన ఆఫ్రికా కంపెనీ తెచ్చిన బంగారంతో చేసిన వాటిమీద రాజు తల కింద చిన్న ఏనుగు గుర్తు ఉంటుంది. ఒకే సంవత్సరపు రెండు గినీల్లో ఏనుగు ఉన్నదానికీ లేనిదానికీ ధర తేడా రావడం సేకరణ బజారులో మామూలు విషయం. ఆ కంపెనీ బంగారంతో పాటు బానిసల వ్యాపారమూ చేసిందన్నది చరిత్ర.

గినీకి పుట్టుకతో స్థిరమైన ధర లేదన్న సంగతి వర్తకులు ప్రత్యేకంగా గమనించదగినది. పేరుకు 20 షిల్లింగులైనా, వెండితో పోల్చి బజారు దానిని ఎప్పటికప్పుడు పైకీ కిందికీ జరిపింది. వెండి నాణేల అంచులు కత్తిరించి దొంగిలించడం ముదిరి, వెండి సొమ్ముపై నమ్మకం పోయిన 1695లో గినీ 30 షిల్లింగుల దాకా ఎగబాకింది. 1696లో వెండి నాణేలన్నీ తిరిగి అచ్చువేయడం మొదలయ్యాక 22 షిల్లింగులకు దిగింది. చివరకు 1717లో 21 షిల్లింగుల వద్ద కట్టివేశారు. 30 షిల్లింగుల వద్ద గినీలు కూడబెట్టిన వారికి తగిలిన దెబ్బ ఎంతో చెప్పనక్కరలేదు. గినీలో బంగారం అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

గోల్కొండ షరాబులు చూపిన దారి

లోహం ధరకు మించి పాత నాణెం పలకడం లండన్ కనిపెట్టిన వింత కాదు. బాచుపల్లికి పాతిక కిలోమీటర్ల లోపున్న గోల్కొండలో ఆ శతాబ్దంలోనే ఈ పద్ధతి నడిచింది. రత్నాల వ్యాపారానికి గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఇక్కడి వరహాల గురించి వివరంగా రాశాడు. పాత వరహాలని, కొత్త వరహాలని రెండు రకాలుండేవి. బంగారంలో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా పాతవి హెచ్చు ధరకు చెల్లేవి. వాటిని కరిగిస్తే దేశానికి అరిష్టమని షరాబుల నమ్మకం. కరిగించి తిరగ అచ్చువేయకుండా ఉండటానికి వారు సుల్తానుకు సొమ్ము కూడా చెల్లించేవారని అతని కథనం.

నమ్మకం మాట అటుంచితే, వ్యాపార దృష్టితో చూస్తే ఇందులో లెక్క కనిపిస్తుంది. కొత్త సరుకు ఎప్పుడైనా అచ్చువేయవచ్చు. పాతది ఇక పుట్టదు. కరిగిన కొద్దీ రాక తగ్గుతుంది, మిగిలిన దాని ధర పెరుగుతుంది. షరాబుల చేతిలో పాత సరుకు నిలవ ఉన్నంతకాలం కరగకుండా కాపాడటం వారికే లాభం. నేటి సేకరణ బజారు నడిచేదీ ఇదే సూత్రం మీద.

అయితే ఆ కాలపు ఇంగ్లీషు నాణేలు తెలుగు నేలలో విరివిగా దొరకాలి కదా అనే ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. 1632లో గోల్కొండ సుల్తాను ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఏటా 500 వరహాల సుంకానికి లోబడి ఈ రేవుల్లో వ్యాపారం చేసుకునే హక్కు పొందింది. కంపెనీ లెక్కల్లో వరహా సుమారు 8 షిల్లింగులు గనుక మచిలీపట్నం షరాబు కంటికి గినీ అంటే రెండున్నర వరహాలు. తీరంలో కలంకారీకి, నేతబట్టలకు, లోపల గోల్కొండ వజ్రాలకు చెల్లింపులు వరహాల్లోనే. ఉత్తరాదిన వెండి రూపాయి నడుస్తుంటే కోరమండల్ తీరాన బంగారమే నడిచింది.

ఇంత వ్యాపారం జరిగినా ఇంగ్లీషు నాణేలు ఇక్కడ మిగలకపోవడానికి కారణాలు రెండు. మొదటిది, ఇంగ్లండు తన సొంత నాణెం దేశం దాటడాన్ని నిషేధించింది. గినీ పుట్టిన 1663లోనే వచ్చిన చట్టం విదేశీ నాణేలను, బంగారు వెండి కడ్డీలను ఎగుమతి చేసుకోనిచ్చింది గాని సొంత నాణెంపై నిషేధం 1819 దాకా కొనసాగింది. రెండవది, ఓడల్లో వచ్చిన బంగారం ఇక్కడి టంకసాలకు వెళ్ళి వరహాలుగా మారింది. దామర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో కంపెనీకి ఇచ్చిన మద్రాసు పట్టాలో నాణేలు అచ్చువేసుకునే హక్కు కూడా ఉంది. ఆ హక్కుతో సెయింట్ జార్జి కోటలో అచ్చయిన మూడు స్వాముల వరహా మీద ఉభయ నాంచారులతో వేంకటేశ్వరస్వామి ఉంటాడు. ఇంగ్లీషు అక్షరం గాని, సంవత్సరం గాని ఉండదు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ తెలుగు, తమిళ వర్తకుల చేతిలో పెట్టిన బంగారం రూపం అది.

కనుక 17వ శతాబ్దపు గినీ తాతల నాటి ఇత్తడి బిందెలో దొరికిందని ఎవరైనా చెబితే వర్తకుడు ఒకటికి నాలుగుసార్లు ఆలోచించాలి. వరహా దొరికిందంటే నమ్మదగిన మాట. గినీ అంటే ఆధారం అడగవలసిన మాట.

పేరు చూసి మోసపోయే సరుకు

బజారులో గిన్నీ పేరుతో తిరిగేది నూటికి తొంభై పాళ్ళకు పైగా విక్టోరియా, ఏడవ ఎడ్వర్డ్, అయిదవ జార్జి కాలపు సవరన్లే. ఇవి కోట్ల లెక్కన అచ్చయ్యాయి. బొంబాయిలో కూడా 1918లో ఒక్క సంవత్సరం సుమారు 13 లక్షల సవరన్లు వేశారు; వాటిమీద చిన్న ఐ అక్షరం ఉంటుంది. ఇటువంటి నాణేనికి బంగారం ధరపై స్వల్పంగా హెచ్చు రావచ్చునే గాని దానిని 17వ శతాబ్దపు గినీతో సమానం చేసి కొనడం తగదు.

రెండవ రకం ఇత్తడి బిళ్ళలు. మూడవ జార్జి కాలపు గినీని పోలినవి విక్టోరియా కాలంలో ఇంగ్లండులో పేకాట లెక్కల కోసం విస్తారంగా తయారుచేశారు. పసుపు రంగు, రాజు తల, డాలు బొమ్మ అన్నీ ఉంటాయి. త్రాసులో వేస్తే బరువు తేలిపోతుంది. మూడవ రకం ఈస్టిండియా కంపెనీ పేరు, 1616, 1818 వంటి అంకెలు, రాముడి బొమ్మో హనుమంతుడి బొమ్మో ఉండే రాగి, ఇత్తడి బిళ్ళలు. కంపెనీ అటువంటివి ఎన్నడూ అచ్చువేయలేదు. బియ్యపు గింజలను లాగుతుందని, విదేశీ కంపెనీ కోట్లు ఇస్తుందని నమ్మించే రైస్ పుల్లింగ్ ముఠాల చేతి సరుకు ఇదే. తెలుగు జిల్లాల్లో ఈ మోసంపై పోలీసు కేసులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి.

గీటురాయి తెచ్చే నష్టం

నిజమైన నాణెమే వచ్చిందనుకుందాం. అక్కడ దుకాణం అలవాట్లే శత్రువులవుతాయి. పుత్తడి వర్తకుడు చేతికందగానే గీటురాయిపై గీస్తాడు, ఆమ్లపు చుక్క వేస్తాడు, చింతపండుతోనో కుంకుడు రసంతోనో తోమి తళతళలాడిస్తాడు. అనుమానం తీరకపోతే అంచు కొరుకుతాడు. లోహం నిర్ణయించడానికి ఇవన్నీ పనికివచ్చే పద్ధతులే. సేకరణ నాణేనికి మాత్రం ప్రతి ఒక్కటీ కోత. మూడున్నర శతాబ్దాల కాలం పట్టించిన పూత ఒకసారి పోతే మళ్ళీ రాదు. తోమిన నాణేన్ని లండన్ పట్టీలో తోమినదిగానే రాస్తారు. గీత పడిన అంచు భూతద్దంలో దాగదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ కాసులపేరు. మన ఇళ్ళలో బంగారు నాణేనికి లభించే గౌరవం మెడలో వేలాడటం. అందుకోసం అతికిన కొక్కెం తీసేసినా టంకం మచ్చ మిగులుతుంది. నగలోంచి తీసినదని ముద్రపడిన నాణెం ధర మచ్చలేని దానితో పోలిస్తే చాలా తక్కువ. కాసులపేరులోని కాసును కాసుగానే చూడటం న్యాయం.

మరి పరీక్ష ఎలా? నాణేన్ని గాయపరచని దారులు నాలుగున్నాయి. మొదటిది మిల్లీగ్రాముల త్రాసు. గినీ 8.3, 8.4 గ్రాముల మధ్య తూగాలి. అరుగుదల వల్ల కొద్దిగా తగ్గవచ్చునే గాని పెరగరాదు. రెండవది నీటిలో తూకం. 22 క్యారెట్ల బంగారం సాంద్రత సుమారు 17.7, మేలిమిది 19.3. గాలిలో తూకాన్ని నీటిలో తగ్గిన తూకంతో భాగిస్తే ఈ అంకెకు దగ్గరగా రావాలి. మూడవది హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌రే యంత్రం. పైపొర వన్నె చెబుతుంది. లోపలి మాయ తెలియాలంటే నీటి తూకం తోడు కావాలి. నాలుగవది భూతద్దం. పోతపోసిన దొంగ నాణెంపై సన్నని బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. అచ్చువేసిన అసలు నాణెంలో అక్షరం అంచు పదునుగా లేస్తుంది.

ఇవన్నీ నెగ్గినా నాణెం అసలుదని తేలుతుందే గాని ధర తేలదు. స్థితిని 1 నుంచి 70 వరకు అంకెతో చెప్పి, నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో సీలువేసే సంస్థలు అమెరికాలో 1986, 1987 నుంచి పనిచేస్తున్నాయి. వాటి ముద్ర ఉన్న సరుకే నేడు విదేశీ వేలాల్లో తేలికగా చెల్లుబాటవుతోంది. నగల షాపు రసీదుకు అక్కడ విలువ లేదు.

వేలంపాట లెక్క

అరుదు ధర ఏ మేరకు పోతుందో ఇటీవలి నిజమైన పాట ఒకటి చూపుతుంది. ఇంగ్లండు ఉత్తర యార్క్‌షైర్‌లోని ఎల్లర్బీ గ్రామంలో 2019లో ఒక దంపతులు వంటగది నేల తవ్విస్తుండగా చిన్న కుండలో 264 బంగారు నాణేలు దొరికాయి. 1610 నుంచి 1727 వరకు అచ్చయినవి. అవి హల్ రేవులో ఇనుము, కలప, బొగ్గు వ్యాపారం చేసిన ఫెర్న్లీ మెయిస్టర్ దంపతులవని గుర్తించారు. బ్యాంకుల మీద, కొత్త కాగితం సొమ్ము మీద నమ్మకం చాలక బంగారం దాచుకున్న వర్తకుడన్న మాట.

2022 అక్టోబరులో లండన్‌లో స్పింక్ సంస్థ వాటిని వేలం వేసింది. మొత్తం 7,54,000 పౌన్లు వచ్చాయి. ముందుగా వేసిన అంచనా రెండు, రెండున్నర లక్షల పౌన్లే. వాటిలో రెండవ ఛార్లెస్ 1675 గినీ ఒకటి ఉంది. రాజు లాటిన్ పేరులో అచ్చు చెక్కినవాడు రెండు అక్షరాలు తారుమారు చేశాడు. ఆ తప్పుకు దక్కింది 9,600 పౌన్లు. రాజు తల లేకుండా రెండు వైపులా వెనుక బొమ్మే పడిన 1720 గినీ 62,400 పౌన్లు పలికింది. ఆనాటి బజారులో ఒక్కొక్కదానిలోని బంగారం విలువ నాలుగు వందల పౌన్లకు మించదు. ఇరవై అయిదు రెట్లు ఒకదానికి, నూట యాభై రెట్లకు పైగా మరొకదానికి.

ఈ అంకెలు చూసి ఉవ్విళ్ళూరే ముందు మరొక లెక్క చూడాలి. 62,400 పౌన్లలో సుత్తి ధర 52,000. మిగిలిన 10,400 కొనుగోలుదారుపై వేలం సంస్థ వేసిన 20 శాతం. అమ్మినవాడికి 62,400 రాలేదు. కొన్నవాడు మరునాడే అదే సుత్తి ధరకు తిరిగి అమ్మితే అక్కడికక్కడే 10,400 పోయినట్టు. అమ్మకపు కమిషన్ ఉంటే అదీ అదనం. కడ్డీ బంగారంలో కొనుగోలుకూ అమ్మకానికీ మధ్య తేడా స్వల్పం, ఏ ఊళ్ళోనైనా గంటలో రొఖ్ఖం చేతికొస్తుంది. అరుదైన నాణెంలో సొమ్ము తిరిగి రావాలంటే ధర అయిదో వంతు పెరగాలి, ఆ నాణెమే కావాలనుకునే ఇద్దరు ఒకే రోజున పాటకు రావాలి. ఒక్కడే వస్తే పాట లేదు.

చట్టం వేసే మూడో ధర

ఎల్లర్బీ కథలో మన వర్తకులకు పనికివచ్చే భాగం మరొకటుంది. ఇంగ్లండులో 1996 నిక్షేపాల చట్టం ప్రకారం ఒకేచోట దొరికిన రెండు లేక అంతకు మించిన బంగారు నాణేలు 300 ఏళ్ళు దాటితే నిక్షేపం. మ్యూజియం తీసుకుంటే బజారు ధరను నిపుణుల సంఘం నిర్ణయించి చెల్లిస్తుంది. ఎల్లర్బీ నాణేల్లో చివరిది 1727 నాటిది గనుక దంపతులకే వదిలివేశారు.

మన దేశంలో 1878 నాటి నిధినిక్షేపాల చట్టం లెక్క వేరు. భూమిలో దాగి దొరికినది పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. యజమాని లేడని తేలితే దొరికినవాడికి ముప్పాతిక, స్థలం సొంతదారుకు పాతిక వంతు అనే ఏర్పాటు చట్టంలో ఉంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ, దానిపై అయిదో వంతు కలిపి చెల్లిస్తే చాలు. అంటే లక్ష రూపాయల బంగారమున్న నాణేనికి లక్షా ఇరవై వేలు. లండన్‌లో అది పాతిక లక్షలు పలికేదైనా చట్టానికి పట్టదు. పునాదులు తవ్వే చోట లంకెబిందెలు దొరికితే కలెక్టరుకు చెప్పకుండా కంసాలి కొలిమి వైపు నడిపించేది ఈ తేడాయేనని చెప్పక తప్పదు. కాని ఆ సరుకు కొన్న వర్తకుడికి సరుకూ మిగలదు, కేసు తప్పదు. కరిగిన నాణెంతో దాని అరుదు ధర కూడా కరిగిపోతుంది.

విదేశాల నుంచి తెప్పించుకునే వారిని తాకేది 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం. 1976 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం ఈ చట్టం కింద పురావస్తువు. నిర్వచనంలో అది ఏ దేశపుదన్న భేదం లేదు. కేంద్ర ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవరూ పురావస్తువును దేశం దాటించరాదు. అమ్మకాన్ని వ్యాపారంగా చేయదలిస్తే లైసెన్సు కావాలి. లండన్‌లో కొని, కస్టమ్స్ వారికి చూపి, సుంకం కట్టి బాచుపల్లి తెచ్చిన గినీ తిరిగి లండన్ వేలానికి పోవడం ఎంత కష్టమో దీనిని బట్టి ఊహించవచ్చు. దాని అసలు బజారు అక్కడ, సరుకు ఇక్కడ. లోపలికి వచ్చే తలుపు తెరిచే ఉంది, బయటికి పోయే తలుపు మూసి ఉంది. హైదరాబాదులో ట్రిపుల్ యునైట్ కోసం పోటీపడే కొనుగోలుదార్లు ఎందరుంటారో పెట్టుబడి పెట్టేవారే లెక్క వేసుకోవాలి.

పన్నెండు కిలోల పాఠం

అరుదు ఎంత గొప్పదైనా హక్కు పత్రం లేకపోతే ఏమవుతుందో హైదరాబాదే చూసింది. ఇంగ్లండులో యునైట్ నడుస్తున్న కాలంలోనే, 1613లో, జహంగీరు ఆగ్రా టంకసాలలో వెయ్యి మొహర్ల నాణెం వేయించాడు. బరువు 11,935.8 గ్రాములు, అడ్డం సుమారు 20 సెంటీమీటర్లు. మేలిమి గ్రాము 10,000 రూపాయల లెక్కన బంగారమే దాదాపు 12 కోట్లు. అది కాలక్రమంలో నిజాముల ఖజానాకు చేరింది. చివరి నిజాం మనుమడు ముకర్రం జా వద్ద ఉన్నట్టు చెప్పుకున్న ఈ నాణెం 1987లో జెనీవాలో వేలానికి రానున్నదన్న సమాచారంతో కేంద్రం సీబీఐని దించింది. దర్యాప్తు ఏళ్ళ తరబడి సాగినా నాణెం చేజిక్కలేదు. 2022లో కేంద్రం గాలింపు తిరిగి మొదలుపెట్టింది.

తూకానికి 12 కోట్లు, అరుదుకు హద్దులేని ధర ఉన్న వస్తువు బాహాటంగా చేతులు మారలేని స్థితిలో ఉండిపోయింది. ఎవరి నుంచి ఎవరికి, ఏ కాగితంతో వచ్చిందన్న గొలుసు తెగితే కోట్ల నాణెమైనా నడి బజారులో చెల్లదు. ఎల్లర్బీ గినీలకు వెల రావడంలో వాటి అరుదు ఎంత పనిచేసిందో, ఎవరు దాచారు, ఎక్కడ దొరికాయి అన్న స్పష్టత కూడా అంత పనిచేసింది.

వర్తకులు పాటించదగినవి

పాత నాణెం దుకాణానికి వచ్చినప్పుడు తోమకుండా, గీయకుండా అంచుపట్టి పుచ్చుకోవాలి. ముందు తూకం, తరువాత నీటి తూకం, ఆపైన భూతద్దం. సవరన్ అయితే కాసు ధరకు కొద్దిగా పైన ముగించవచ్చు. నిజాం అష్రఫీ అయితే తూకం 11.178 గ్రాములు, వన్నె 91 పాళ్ళు; ఇది ఇక్కడే గిరాకీ ఉన్న సరుకు. వరహా, హొన్ను అయితే కరిగించే ముందు నాణేలు తెలిసిన వారికి చూపాలి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని నాణేల గదిలోను, సైఫాబాదు పాత టంకసాలలో 2022లో తెరిచిన మ్యూజియంలోను అసలు నాణేలు చూసి కన్ను అలవాటు చేసుకోవచ్చు.

అమ్మవచ్చినవారి గుర్తింపు కాగితం, నాణెం ఎలా వచ్చిందన్న రాతపూర్వక వాఙ్మూలం, రెండు వైపుల ఫొటో దస్త్రంలో ఉంచాలి. భూమిలో దొరికిందని ఎవరన్నా నోరుజారితే బేరం అక్కడే ఆపి కలెక్టరు కచేరీ దారి చూపడం క్షేమం.

సేకరించదలచిన ఖాతాదారుకు వర్తకుడు ఇవ్వగల సలహా కూడా సులువే. గినీ కొనేటప్పుడు చెల్లించే ధరను రెండుగా విడగొట్టి రాసుకోవాలి: బంగారం ఇంత, అరుదు ఇంత. మొదటి భాగం ఏనాడైనా బాచుపల్లిలోనే తిరిగి వస్తుంది. రెండవ భాగం తిరిగి రావడానికి నిపుణుల ముద్ర, తెగని కాగితాల గొలుసు, ఎగుమతి అనుమతి, పాటకు ఇద్దరు మనుషులు కావాలి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా రెండవ భాగాన్ని పెట్టుబడి పద్దులో కాక సరదా ఖర్చు పద్దులో రాసుకోవడం మేలు. వాయిదాల మీదా, అప్పు మీదా ఈ సరుకు కొనరాదు.